కిక్కిస అడవి నడుమ కొల్లేటికోట

అడవి అనగానే సాధారణంగా గుర్తుకు వచ్చేవి నల్లమల కొండలు, పాపికొండల వెదురు పొదలు, కోరంగి మడచెట్లు. కృష్ణా, గోదావరి డెల్టాలు ఒకదానికొకటి ఎదురయ్యే పల్లపు నేలలో మాత్రం, మానుకట్టిన చెట్టంటూ లేకుండానే మనిషిని కనుమరుగు చేసేంత దట్టంగా పెరిగే మరో రకం అడవి ఉంది. కిక్కిస అని స్థానికులు పిలిచే రెల్లుజాతి గడ్డి నీటి అడుగు బురదలో వేళ్లు తన్ని, రెండు నిలువుల ఎత్తుకు లేచి, ఒకప్పుడు మైళ్ల కొద్దీ పరుచుకుని ఉన్న కొల్లేరు సరస్సే ఆ అడవి. దాని నడుమ, చుట్టూ నీరున్న మెరక మీద నిలిచిన చిన్న ఊరు కొల్లేటికోట. ఏలూరు జిల్లా కైకలూరు మండలంలోని ఈ ఊరికి వచ్చేవారిలో ఎక్కువమంది పెద్దింట్లమ్మ దర్శనం కోసం వస్తారు, మిగిలినవారు పక్షులను, నీటిని చూడటానికి వస్తారు. గుడినీ పక్షులనూ చూసి వెనుదిరిగితే కొల్లేటికోటలో సగమే చూసినట్టు. ఇక్కడి ఇల్లు, పొలం, పక్షిగూడు, చేపల చెరువు, చివరికి న్యాయస్థానం తీర్పు కూడా సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తులో ఉన్నాయన్న లెక్క మీద ఆధారపడి ఉంటాయి కనుక, నీటి ఎత్తును గమనించడం అలవాటైతే తప్ప ఈ ఊరు అర్థం కాదు.

కొల్లేటికోటకు వెళ్లేవారు ముందుగా కైకలూరు చేరుకుంటారు. గుడివాడ, భీమవరాల మధ్య రైలు మార్గంలో కైకలూరు ఒక స్టేషను. విజయవాడ, విశాఖపట్నం ప్రధాన మార్గంలో వచ్చేవారు ఏలూరులో దిగి సరస్సును అడ్డంగా దాటే రహదారి మీద కైకలూరు వస్తారు. కైకలూరు నుంచి భీమవరం వైపు సాగే రహదారిలో ఆలపాడు దగ్గర మలుపు తిరిగితే దారి సన్నబడి, ఇరువైపులా నీటి మధ్య గట్టులా మారుతుంది. ఒకప్పుడు పడవ మీదనే దాటవలసిన సర్కారు కాలువ అవతల కొల్లేటికోట ఉంటుంది. సరస్సు గర్భంలో మెరకల మీద వెలసిన ఇలాంటి ఊళ్లను లంక గ్రామాలంటారు, సరస్సు అంచున చుట్టూ ఉన్నవాటిని బెల్టు గ్రామాలంటారు. అధికారిక లెక్కల్లో లంక గ్రామాలు 46, బెల్టు గ్రామాలు 76. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, నందిగామలంక, పెనుమాకలంక అంటూ వాటిలో చాలావాటికి పేరులోనే లంక ఉంది. లంక అంటే ఇక్కడి వాడుకలో చుట్టూ నీరున్న నేల. వానాకాలంలో ఆ మాట అక్షరాలా నిజమవుతుంది, ఎండాకాలంలో అదే లంక మామూలు ఊరిలా కనిపిస్తుంది.

కొల్లేరును చాలామంది నీరు నిండిన గుంటగా ఊహించుకుంటారు. నిజానికి అది గుంట కంటే పళ్లేనికి దగ్గర. అడుగు దాదాపు చదునుగా ఉండి, అంచులు కంటికి తెలియనంత నెమ్మదిగా పైకి లేస్తాయి కనుక, నీరు ఒక్క అడుగు పెరిగినా సరస్సు లోతు కంటే వెడల్పే ఎక్కువగా పెరుగుతుంది. ఈ సంగతిని కొలవడానికి ఇంజినీర్లు కాంటూరు అనే మాట వాడతారు. సముద్ర మట్టం నుంచి సమాన ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పటం మీద గీసే ఊహారేఖను కాంటూరు అంటారు. నీరు సముద్ర మట్టానికి మూడు అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు కొల్లేరు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు, ఐదు అడుగుల ఎత్తులో సుమారు 308, పది అడుగులకు చేరితే సుమారు 901. అంటే ఏడడుగుల తేడాతో సరస్సు ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది. పత్రికల్లో తరచూ కనిపించే ‘ప్లస్ ఐదు’, ‘ప్లస్ మూడు’ అన్న మాటలకు అర్థం ఇదే. బయటివారికి సాంకేతిక పదాలుగా తోచే ఈ అంకెలను లంక గ్రామాల్లో బడి చదువు లేని పెద్దలు కూడా అలవోకగా పలుకుతారు, ఎందుకంటే ఎవరి భూమి చెక్క ఎవరి చేతిలో ఉండాలో తేల్చేవి ఆ అంకెలే.

ఈ పళ్లెంలోకి నీరు తెచ్చేవి ప్రధానంగా బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితో పాటు డెల్టా పొలాల నుంచి దిగే డ్రెయిన్లు, కాలువలు. ఇవన్నీ కలిసి ఆరు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన భూభాగం మీద కురిసిన వానను ఇక్కడికి చేరుస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు వంకలు తిరిగి బంగాళాఖాతంలో కలిసే ఈ ఏటికి వాలు ఎంతో లెక్కకడితే ఆశ్చర్యం కలుగుతుంది. సరస్సులో నీరు ఐదు అడుగుల ఎత్తులో ఉన్నదనుకుంటే, ఐదడుగులంటే 60 అంగుళాలు కనుక, కిలోమీటరుకు ఒక్క అంగుళం మాత్రమే వాలు. ఇంత తక్కువ వాలులో నీరు పరుగెత్తదు, పాకుతుంది. పైగా సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పునీరే ఏటికి ఎదురెక్కి వస్తుంది. వరద రోజుల్లో కొల్లేటికి గరిష్ఠంగా లక్ష క్యూసెక్కులకు పైగా నీరు చేరగలదని ఇంజినీర్ల అంచనా. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు. ఉప్పుటేరు సముద్రానికి మోయగలిగేది అందులో చిన్న వంతు మాత్రమే. మిగిలిన నీరు ఆగడానికి చోటు కావాలి, ఆ చోటే కొల్లేరు. రెండు డెల్టాల మధ్య వరదను కొన్నాళ్లపాటు నిలిపి, నెమ్మదిగా వదిలే ప్రకృతి సహజమైన జలాశయం ఇది. కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సు కూడా ఇలాగే ఎండాకాలంలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయి, వానాకాలంలో దానికి ఐదారు రెట్లు విస్తరించి, ఒడ్డునున్న అడవినంతటినీ ముంచెత్తుతుంది. ఆ ముంపే అక్కడి చేపల సంపదకు మూలమని ఆ దేశస్థులకు తెలుసు. కొల్లేటి ముంపును తెలుగునేల చాలాకాలం నష్టంగానే లెక్కగట్టింది.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలను ముంచినప్పుడు దేశమంతా ఆ నగరాన్నే చూసింది. ఆ నీరు నగరాన్ని వదిలి తూర్పుగా నడిచి కొల్లేటిలో చేరిన తరువాతి రోజుల సంగతి అంతగా ఎవరికీ పట్టలేదు. విజయవాడలో వీధులు ఆరుతున్న సమయానికి లంక గ్రామాల దారుల మీద నీరు ఎక్కుతూ ఉంది. చినఎడ్లగాడి దగ్గర రహదారి మీదుగా ప్రవాహం సాగడంతో ఏలూరు, కైకలూరుల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. కొండల దగ్గర వచ్చే వరద గంటల లెక్కన వచ్చి పోతుంది; కొల్లేటి వరద రోజుల లెక్కన వచ్చి, వారాల లెక్కన పోతుంది. పెదఎడ్లగాడి వంతెన ఖానాల దగ్గర, అంటే వంతెన కింద నీరు పారే ద్వారాల దగ్గర, నీటిమట్టం ఎంత ఉందో అధికారులు వరద రోజుల్లో కొలిచి చెబుతారు. గుర్రపుడెక్క ఆ ఖానాలకు అడ్డం పడితే నీరు వెనక్కి తన్ని ఊళ్ల మీదికి వస్తుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చి దేశమంతటా పాకిన ఈ నీటి కలుపు మొక్క లావెండరు రంగు పూలతో చూపరులకు అందంగానే కనిపిస్తుంది గానీ, దాని కింద వెలుతురూ గాలీ ఆడక నీరు చచ్చిపోతుంది.

గుర్రపుడెక్కకూ కిక్కిసకూ ఉన్న తేడాను ఒడ్డున నిలబడి దగ్గరగా చూడటం మంచిది. గుర్రపుడెక్క వేళ్లు నేలను తాకవు. గాలి ఎటు తోస్తే అటు దండు కదిలినట్టు కదులుతుంది. కిక్కిస కదలదు. దాని కాడ చిటికెన వేలంత లావుంటుంది, లోపల బోలుగా, బయట కణుపులు కణుపులుగా చిన్న వెదురులా ఉంటుంది. కణుపు కణుపునా కత్తి అంచులాంటి పొడవాటి ఆకు, చలికాలం నాటికి కొసన ఊదాచాయ నుంచి బూడిద రంగుకు తిరిగే కుచ్చు. ఆ బోలు కాడల గుండా గాలి నీటి కిందికి దిగి వేళ్లకు చేరుతుంది. ఊపిరాడని బురదలో వేళ్ల చుట్టూ ఏర్పడే ఆ సన్నని గాలి పొరలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు బతుకుతూ, పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువుల అవశేషాలనూ ఊళ్ల మురుగునూ విరిచి తినేస్తాయి. కాడల మధ్య ప్రవాహం నెమ్మదించి ఒండ్రు అక్కడికక్కడే పేరుకుంటుంది. జర్మనీ వంటి దేశాల్లో 20వ శతాబ్దం రెండో సగం నుంచి ఇదే కోవకు చెందిన రెల్లును పనిగట్టుకుని నాటి, చిన్న పట్టణాల మురుగునీటిని శుద్ధి చేసుకుంటున్నారు. తమ్మిలేరు ఏలూరు మురుగును, బుడమేరు విజయవాడ మురుగును మోసుకొచ్చే కొల్లేటికి ఈ శుద్ధి యంత్రాన్ని ప్రకృతే ఉచితంగా బిగించి ఇచ్చింది. వేళ్ల సందుల్లో చేపపిల్లలు దాగుతాయి, కాడల మీద నీటికోళ్లు గూడు అల్లుకుంటాయి, ఎండిన గడ్డి ఇళ్లకు కప్పుగా, దడిగా ఉపయోగపడుతుంది. అడవి అనే మాటకు ఇంతకంటే అర్హత ఏం కావాలి?

ఈ నీటి నడుమ కోట ఉండటం వెనుక చరిత్ర చిన్నది కాదు. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశి విజయాలను వర్ణిస్తూ కవి రవికీర్తి పేర్కొన్న కునాల జలాలు కొల్లేరేనని చాలామంది పండితులు గుర్తించారు. దండి దశకుమారచరితంలో ఆంధ్ర నగరం దగ్గర కనిపించే సముద్రమంతటి సరస్సు కూడా ఇదేనని వారి అభిప్రాయం. ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి వేంగీ రాజ్యానికి రాజధానిగా ఉన్న కాలంలో కొల్లేరు ఆ నగరానికి దక్షిణపు సరిహద్దులాంటిది. తరువాతి శతాబ్దాల శాసనాల్లో కొలను అనే పట్టణం, దానిని ఏలిన కొలని మండలేశ్వరులు కనిపిస్తారు. కొలను అన్న తెలుగు మాటను సంస్కృతంలోకి మార్చి ఆ పట్టణాన్ని సరసీపురి అని కూడా వ్యవహరించారు. చోళ చక్రవర్తులు కొలని భీముడిని ఓడించినట్టు చెప్పుకున్నారు. 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడి మంత్రి ఇందులూరి సోమన కొలనును జయించాడు. ఆ కొలను ఏలూరు పరిసరాల్లో ఉండేదా, సరస్సులోని దీవి మీద ఉండేదా అన్న చర్చ చరిత్రకారుల్లో ఉంది. ఎక్కడున్నా, దాన్ని కాపాడింది రాతి గోడల కంటే ఎక్కువగా నీరు, బురద, రెల్లు. గుర్రపు దళం దిగబడే నేల అది. దారి తెలియని పడవ కిక్కిసలో చిక్కుకుని తిరిగిన చోటే తిరుగుతుంది.

కొల్లేటికోట గురించి స్థానికంగా తరతరాలుగా చెప్పుకొనే కథ కూడా నీటి ఎత్తు చుట్టే తిరుగుతుంది. హెన్రీ మోరిస్ 1878లో ప్రచురించిన గోదావరి జిల్లా చరిత్రలోనూ చోటు చేసుకున్న ఆ కథ ప్రకారం, ఇక్కడి కోట ఒడిశాను ఏలిన లాంగూల గజపతిది. శత్రువులు సరస్సు ఒడ్డున చిగురుకోట దగ్గర విడిది చేసి ఎంతకాలం ప్రయత్నించినా కోట చిక్కలేదు. చివరికి వారు సరస్సు నీటిని సముద్రానికి వదిలేందుకు ఉప్పుటేరును తవ్వించారు. నీరు తగ్గిపోతుంటే కోటలోని సేనాని దిక్కుతోచక, దైవాన్ని శాంతింపజేయడానికి తన కుమార్తెనే బలి ఇచ్చాడు; అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు వచ్చిందంటారు. ఉప్పుటేరు లాంటి ఏరు మనుషులు తవ్వితే పుట్టేది కాదని భూమి తీరు తెలిసినవారికి సులభంగా అర్థమవుతుంది. అయినా కథలోని అసలు సంగతి సరైనదే. కొల్లేటికోటను జయించాలంటే యుద్ధం చేయనక్కరలేదు, నీరు దించితే చాలునని ఆ కథను కట్టినవారికి బాగా తెలుసు.

గుళ్లో కొలువైన దేవత పెద్దింట్లమ్మ. పెద్ద ఇంటి అమ్మ అన్న మాట వాడుకలో పెద్దింట్లమ్మ అయింది. నల్లరాతిలో వీరాసనంలో కూర్చుని, విప్పార్చిన కళ్లతో నేరుగా చూసే విగ్రహం ముందు నిలబడినప్పుడు, గ్రామదేవతలకు సాధారణంగా ఉండే చిన్న రూపం కాక నిండైన రాజసం కనిపిస్తుంది. ఆమెనే జలదుర్గ అని కూడా కొలుస్తారు. కొండదుర్గం, వనదుర్గం అన్నట్టే నీరు కంచెగా ఉన్న కోటను జలదుర్గం అంటారు కనుక, ఊరి పేరూ అమ్మవారి పేరూ ఒకదానికొకటి అద్దం పడతాయి. ఫాల్గుణ మాసం శుక్లపక్షంలో జాతర జరుగుతుంది; జలదుర్గకూ గోకర్ణేశ్వర స్వామికీ కల్యాణం చేస్తారు. ఏలూరు, కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల ఊళ్ల నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో తరలివస్తాయి. గుడి చుట్టూ పొయ్యిలు వెలిగించి పాలపొంగలి వండి వేడి వేడిగా అమ్మకు నైవేద్యం పెడతారు, మొక్కు తీరినవారు తలనీలాలు ఇస్తారు, ఆడపడుచులు పుట్టింటివారితో కలిసి వస్తారు. ఫాల్గుణం అంటే ఫిబ్రవరి, మార్చి నెలలు. అప్పటికి వరద నీరంతా ఉప్పుటేటి మీదుగా దిగిపోయి, కాలిబాటలు తేలి, కాలువలు దాటడానికి వీలవుతుంది. ఎండలు ఇంకా ముదరవు. కోస్తాలోని ఎన్నో తీర్థాలకు పంట చేతికొచ్చే సమయాన్ని బట్టి తేదీ కుదిరితే, కొల్లేటికోట జాతరకు నీరు తగ్గే సమయం కూడా చక్కగా కుదిరింది.

లంక గ్రామాల్లో ప్రధానంగా ఉండేది వడ్డీలు అనే మత్స్యకార సామాజికవర్గం. ఓఢ్ర దేశపు, అంటే ఒడిశా, సేనలతో వచ్చి ఇక్కడే నిలిచిపోయినవారి సంతతి తామని వారిలో ఒక నమ్మకం ఉంది. వారి పాత బతుకుతెరువును అర్థం చేసుకోవడానికి రెండు వస్తువులు చాలు. మొదటిది తాటి దోనె. మొదలు లావుగా ఉబ్బిన తాటిమానును నిలువునా చీల్చి, లోపలి మెత్తని గుజ్జును తొలిచేస్తే నల్లని గట్టి చేవ మాత్రం మిగులుతుంది. అదే దోనె. లావు వైపు మనిషి నిలబడతాడు. పొడవాటి గెడను బురదలో ఆనించి ఒంటిని వంచి తోస్తే, మోకాటి లోతు నీటిలో కూడా అది చప్పుడు లేకుండా జారుతుంది. ఒంటి దోనె అటూ ఇటూ ఒరుగుతుంది కనుక బరువులకూ మనుషులకూ రెండు దోనెలను పక్కపక్కన బిగించి కడతారు. రెండోది మావు. వెదురు పుల్లలను తాటినారతోనో తాడుతోనో దగ్గరగా అల్లిన బోను లాంటి ఉపకరణం ఇది. ఒక పక్కన పుల్లల కొసలు లోపలికి వంగి ఉంటాయి. చేప తల దూర్చి లోపలికి వెళ్లగలదు, తిరిగి రావాలంటే ఆ కొసలే అడ్డం పడతాయి. సాయంత్రం కిక్కిస మొదళ్లలో, నీరు పారే సందుల్లో మావులు దించి, తెల్లవారుజామున ఎత్తుతారు. నీరు కారుతుండగా మావును దోనెలోకి వంచినప్పుడు జలజల రాలేవి ఎక్కువగా కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, మట్టగిడస వంటి నల్లజాతి చేపలు.

నల్లజాతి అన్న మాట వెనుక ఈ సరస్సు స్వభావమంతా దాగి ఉంది. కిక్కిస, నాచు, కుళ్లిన ఆకు నిండిన మాగుడు నీటిలో ప్రాణవాయువు తక్కువ. కొర్రమీను, మార్పు లాంటి చేపలు మొప్పలతో పాటు తల లోపలి ప్రత్యేక అవయవాలతో నేరుగా గాలి పీల్చుకోగలవు. అందుకే మధ్య మధ్య నీటిపైకి వచ్చి బుడుంగున గుటక వేసి మునుగుతాయి. ఆ బుడగలను బట్టే చేప జాడ కనిపెట్టే వేటగాళ్లు లంకల్లో ఉన్నారు. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి, మోసు లాంటి తెల్లచేపలకు ఆ శక్తి లేదు. వాటికి గడ్డి తీసేసిన తేటనీరు, గట్ల మధ్య నిలకడైన లోతు, మేత కావాలి. చేప మారితే సరస్సే మారవలసి వచ్చింది.

ఆ మార్పు 1970లలో మొదలైంది. 1976 ప్రాంతంలో జలగం వెంగళరావు ప్రభుత్వం లంక గ్రామాల పేదలకు స్థిరమైన ఆదాయం కల్పించాలన్న ఉద్దేశంతో సహకార సంఘాలు ఏర్పాటు చేసి, సరస్సు గర్భంలో చేపల చెరువులు తవ్వించింది. వరదకు పంట పోయి, ఎండకు వేట పోయి నలిగిన కుటుంబాలకు అది నిజమైన ఆసరా. అయితే గట్టు వేసిన చెరువు ఎంత లాభం ఇస్తుందో బయటివారికి తెలియడానికి ఎంతోకాలం పట్టలేదు. పెట్టుబడి ఉన్నవారు లీజు పేరుతో లంకవాసుల చెక్కలను చేతిలోకి తీసుకున్నారు. ఒక గట్టు పక్కన మరో గట్టు లేచి, 1990ల నాటికి సరస్సు పళ్లెం గళ్ల గళ్ల చెరువులుగా మారింది. కిక్కిస నరికారు, మేత, ఎరువు, మందు నీటిలో కలిశాయి, వరద నడిచే దారులు మూసుకుపోయాయి. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల నుంచి ఐసు కొట్టిన చేపల లారీలు కోల్‌కతాకూ అస్సాంకూ బారులు తీరాయి. సంపద వచ్చిన మాట నిజం. అది ఎక్కువగా లంక దాటి పోయిన మాటా అంతే నిజం.

1999లో రాష్ట్ర ప్రభుత్వం ఐదు అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. అందులో సంప్రదాయ పద్ధతుల వేటకు అవకాశం ఉంచి, చేపల చెరువులను నిషేధించింది. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరిన ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలను ఈ జాబితాలో చేరుస్తారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో యంత్రాంగం పొక్లెయిన్లు, పేలుడు పదార్థాలు తెచ్చి అభయారణ్యంలోని గట్లను కూల్చింది. ‘ఆపరేషన్ కొల్లేరు’గా పేరొందిన ఆ కార్యక్రమంలో సరస్సుకు ఊపిరి ఆడింది గానీ, సంఘాల చెరువులే ఆధారంగా బతికిన లంక కుటుంబాలకు అన్నం పళ్లెం ముందునుంచి లాగినట్టయింది. ప్రత్యామ్నాయం చూపకుండా గట్టు కూల్చడం సగం పని మాత్రమే. ఆ మిగిలిన సగం జరగనందువల్లనే తరువాతి సంవత్సరాల్లో ఎన్నో చోట్ల గట్లు మళ్లీ లేచాయి. అభయారణ్య రేఖను ఐదు నుంచి మూడు అడుగులకు దించాలని రాష్ట్ర శాసనసభ 2008లో తీర్మానించగా, కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ దానికి సమ్మతించలేదు. ఆ రెండడుగుల మధ్య ఉన్నది 170 చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల. అందులో సర్కారు భూమితో పాటు, తాతల నాటి పట్టాలున్న జిరాయితీ భూములు కూడా ఉన్నాయి. పక్షికీ మనిషికీ మధ్య పోటీగా ఈ వివాదాన్ని చిత్రించడం తేలిక గానీ అది సరికాదు. దోనె, మావు, కిక్కిస, నల్లచేప, పక్షి కలిసే ఉండగలవని ఎన్నో తరాలు రుజువు చేశాయి. పట్టాదారుకు న్యాయమైన పరిహారం, వేటగాడికి వేట హక్కు, వరదకు దారి, ఈ మూడూ ఒకే మేజా మీద పెట్టి మాట్లాడవలసిన విషయాలు.

ఊళ్లో తిరిగేవారికి మరో సంగతి త్వరలోనే కనిపిస్తుంది. చుట్టూ ఇంత నీరున్న ఊరికి తాగునీరు బయటి నుంచి రావాలి. ఇళ్ల అరుగుల మీద నీళ్ల టిన్నులు వరసగా ఉంటాయి. పైనుంచి మురుగు, కిందినుంచి ఉప్పుటేటి మీదుగా వేసవిలో ఎదురెక్కే ఉప్పు కలిసిన నీరు గొంతు దిగదు. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు, అంటే నీటిని ఆపి వదిలే తలుపులు, కట్టాలన్న మాట దశాబ్దాలుగా వినిపిస్తూనే ఉంది.

పక్షులను చూడదలచినవారికి కైకలూరు శివారులోని ఆటపాక అనువైన చోటు. అక్టోబరు నుంచి మార్చి వరకు అక్కడ గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. ముక్కు కింద సంచి వేలాడే ఈ పెద్ద పక్షిని ఇంగ్లీషు వాడుకలో పెలికాన్ అంటారు. దాని పక్కనే గులాబీ రంగు రెక్క ఈకలున్న ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఉంటాయి. చలికాలంలో ఉత్తరాది మంచుదేశాల నుంచి సూదితోక బాతులు దిగుతాయి. గూడబాతుకూ ఈ ప్రాంతానికీ ఉన్న అనుబంధం పాతది. కేరళకు చెందిన పక్షిశాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్, ఇందుచూడన్ అన్న కలంపేరుతో మలయాళంలో కేరళ పక్షుల మీద ప్రసిద్ధ గ్రంథం రాసినవాడు, 1946లో పశ్చిమగోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించి, దాని గురించి శాస్త్రలోకానికి తెలియజేశాడు. అక్కడ పక్షులు అడవిలో కాదు, ఊరి నడుమ చెట్ల మీద గూళ్లు పెట్టేవి. తరువాతి దశాబ్దాల్లో ఆ స్థావరం ఖాళీ అయింది. గూడబాతు ఏటా వచ్చే చోటును వదిలిందంటే అక్కడ చెట్టో, చేపో, ప్రశాంతతో కరువైందని అర్థం.

ఆటపాకలో ఇప్పుడు చెట్లు చాలక అటవీశాఖ నీటి మధ్య ఇనుప స్టాండ్లు పాతింది. పొద్దున్నే దూరం నుంచి బైనాక్యులర్‌తో చూస్తే ఒక్కో స్టాండు మీద నాలుగైదు గూళ్లు, గూట్లో తెల్లని నూగుతో రెండు మూడు పిల్లలు కనిపిస్తాయి. తల్లి వాలగానే పిల్ల తన తలను మెడదాకా ఆమె ముక్కు సంచిలోకి దూర్చి, రెక్కలు కొట్టుకుంటూ, లోపలున్న చేపను అందుకుంటుంది. ఆ పెనుగులాటలో పుల్లలు కొన్ని నీళ్లలోకి రాలుతాయి. తండ్రి పక్షి మళ్లీ ఎగిరి, నీటి మీద తేలుతున్న కిక్కిస కాడనొకదాన్ని ముక్కున కరుచుకుని వచ్చి, ఇనుము మీద పేర్చుతుంది.